నల్లరాతిలోని సొరంగములు: మాంగనీసు ఆక్సైడు ఖనిజముల స్ఫటిక రసాయనము

ప్రయోగశాలలో ఆమ్లజనిని, అనగా ఆక్సిజనును, తయారుచేయు విధానమును ఉన్నత పాఠశాల విద్యార్థులు చాలమంది ఎరుగుదురు. పొటాసియము క్లోరేటులో కొంచెము నల్లని పొడి కలిపి వేడిచేసినచో ఆ వాయువు తేలికగా వెలువడును. ఆ నల్లని పొడి పేరు మాంగనీసు డయాక్సైడు. దాని అణుసూత్రమును కంఠస్థము చేసిన విద్యార్థి ఆ పదార్థమును గురించి తెలిసికొనవలసినదంతయు తెలిసికొన్నాననియే అనుకొనును. ఒక మాంగనీసు పరమాణువునకు రెండు ఆమ్లజని పరమాణువులు. ఇంతకు మించి ఇంకేమున్నది?

కాని ప్రకృతిలో కథ ఇంత సులభముగా ముగియదు. మాంగనీసు ఆక్సైడులు, హైడ్రాక్సైడులు అగు ఖనిజములు ముప్పదికి పైగా కలవు. వానిలో చాలవరకు నల్లగనో, ముదురు గోధుమవన్నెగనో ఉండును. కంటికి ఒకదానికి మరియొకదానికి భేదము అంతగా తోచదు. ఐనను ఒకటి బ్యాటరీలో చక్కగా పనిచేయును, మరియొకటి పనిచేయదు. ఒకటి బేరియమును తన గర్భములో బంధించి ఉంచును. వేరొకటి సముద్రపు అడుగున నికెలును, రాగిని కూడబెట్టును. ఇంత భేదము ఎచటినుండి వచ్చినది? పరమాణువులు ఎన్ని ఉన్నవి అను లెక్కలో దీనికి సమాధానము దొరకదు. అవి ఏ వరుసలో అమరినవి అను విషయములో దొరకును. ఆ అమరికకును, పదార్థపు గుణములకును గల సంబంధమును వివరించు శాస్త్రమే స్ఫటిక రసాయనము.

పేరులో దాగిన చరిత్ర

ఈ నల్లని ఖనిజమును గాజు పనివారు పూర్వమునుండి ఎరుగుదురు. ఇసుకలోని ఇనుము వలన గాజునకు పచ్చని ఛాయ వచ్చును. కరిగిన గాజులో ఈ పొడిని కొలదిగా వేసినచో ఆ ఛాయ పోవును. అందుచేతనే దీనికి నిప్పు, కడుగుట అను అర్థములిచ్చు గ్రీకు పదములనుండి పైరోలూసైటు అను పేరు వచ్చినది. 1774లో షీలే అను స్వీడను శాస్త్రజ్ఞుడు ఈ ఖనిజముపై హైడ్రోక్లోరికు ఆమ్లమును ప్రయోగించి క్లోరిను వాయువును కనుగొనెను. అదే సంవత్సరమున అతని మిత్రుడు గాన్ ఈ ఖనిజమునుండి మాంగనీసు లోహమును వేరుచేసెను. 1866లో లెక్లాంషే నిర్మించిన విద్యుద్ఘటములోను ఇదే పొడి ప్రధాన ద్రవ్యము. నేటి టార్చిలైటు ఘటములకు మూలము అదియే.

ఇన్ని ఉపయోగములు తెలిసినను, దీని లోపలి నిర్మాణము మాత్రము ఇరువదవ శతాబ్దమున ఎక్స్-కిరణముల పరీక్ష వచ్చువరకు ఎవరికిని తెలియలేదు.

ఒకే ఇటుక, అనేక భవనములు

ఇల్లు కట్టుటకు ఇటుక ఎట్టిదో ఈ ఖనిజములలో చాలవానికి అష్టముఖి అట్టిది. మధ్య ఒక మాంగనీసు అయాను. దాని చుట్టు పైన ఒకటి, క్రింద ఒకటి, నాలుగు ప్రక్కల నాలుగు, మొత్తము ఆరు ఆమ్లజని అయానులు. ఈ ఆరింటిని ఊహారేఖలతో కలిపినచో ఎనిమిది త్రిభుజ ముఖములు గల ఆకృతి ఏర్పడును. రెండు పిరమిడ్లను అడుగుభాగములు కలియునట్లు అతికించిన ఎట్లుండునో అష్టముఖి అట్లుండును. మాంగనీసుకును ఆమ్లజనికిని నడుమ దూరము సుమారు 1.9 ఆంగ్‌స్ట్రాములు. సెంటీమీటరులో పదికోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రాము.

ఇచ్చట విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. ఒక మాంగనీసు చుట్టు ఆరు ఆమ్లజనులు ఉన్నచో, సూత్రములో రెండే ఎందుకు ఉన్నవి? ప్రతి ఆమ్లజని అయాను ఒక్క అష్టముఖికే చెందినది కాదు. అది మూడు అష్టముఖులకు ఉమ్మడి. మూడిండ్లకు ఉమ్మడిగా ఉన్న గోడలో ఒక్కొక్క ఇంటికి వచ్చు వాటా మూడవ వంతే కదా! ఆరును మూడుచేత భాగించినచో రెండు వచ్చును. లెక్క సరిపోయినది.

ఈ చిన్న లెక్కలో పెద్ద సంగతి ఇమిడి ఉన్నది. ప్రతి ఆమ్లజనిని మూడు అష్టముఖులు పంచుకొనవలెనను నియమము ఒక్కటే. కాని ఆ నియమమును పాటించుచు అష్టముఖులను అతికించు మార్గములు అనేకము. కొన్ని అంచులచేత అతుకును; కొన్ని మొనలచేత మాత్రమే తాకును. ఏ విధముగా అతికినను సూత్రము మారదు, భవనము మారును.

సన్నని సందులు

అష్టముఖులు ఎదురెదురు అంచులచేత ఒకదానివెంట ఒకటి అతుకుకొని పోయినచో పొడవైన గొలుసు ఏర్పడును. అట్టి ఒంటి గొలుసులు నాలుగు మొనలచేత కలిసి నిలిచినపుడు వాని నడుమ చతురస్రాకారపు సందు మిగులును. ఈ సందు స్ఫటికము పొడవునను సొరంగమువలె సాగును. నాలుగు గోడలును ఒక్కొక్క అష్టముఖి వెడల్పే గనుక దీనిని 1 × 1 సొరంగమందురు. ఇదియే పైరోలూసైటు నిర్మాణము. సొరంగపు వెడల్పు సుమారు 2.3 ఆంగ్‌స్ట్రాములు.

రెండు గొలుసులు ప్రక్కప్రక్కల అంచులచేత అతికి జంట గొలుసులైనచో వాని నడుమ 1 × 2 సొరంగము ఏర్పడును. ఇది రామ్స్‌డెలైటు అను ఖనిజము. దీని సూత్రమును పైరోలూసైటు సూత్రమే. కాని సొరంగములు వెడల్పైనవి గనుక దీని సాంద్రత పైరోలూసైటు కంటె తక్కువ. దీనిని వేడిచేసినచో పైరోలూసైటుగా మారును.

మూడవది న్సూటైటు. ఆఫ్రికాలోని ఘానా దేశమందలి న్సూటా గనుల పేరు దీనికి వచ్చినది. దీనిలో ఒంటి గొలుసులును, జంట గొలుసులును క్రమము లేకుండ కలిసిపోయి ఉండును. స్ఫటికమనగా క్రమబద్ధమైనది అని నేర్చుకొన్న విద్యార్థికి ఇది లోపముగా తోచును. కాని బ్యాటరీ పరిశ్రమకు కావలసినది ఈ లోపమే. ఘటము పనిచేయునపుడు ఎలెక్ట్రానులతో పాటు ప్రోటానులు కూడ ఆక్సైడు లోపలికి చొరవలెను. పైరోలూసైటు సందులలో అవి కష్టముతో కదలును. న్సూటైటులో సులభముగా కదలును. ఒకే పేరుగల నల్లపొడిని కొన్న ఇద్దరిలో ఒకని ఘటము బాగుగా పనిచేసి, రెండవవాని ఘటము త్వరగా చల్లబడుటకు ఇది యొక కారణము.

సొరంగములలో అతిథులు

జంట గొలుసుల గోడలు నాలుగు ప్రక్కల నిలిచినచో 2 × 2 సొరంగము ఏర్పడును. దాని వెడల్పు సుమారు 4.6 ఆంగ్‌స్ట్రాములు. పొటాసియము అయాను వ్యాసము సుమారు 2.8 ఆంగ్‌స్ట్రాములు. పైరోలూసైటు సందులో అది పట్టదు. ఇచ్చట సుఖముగా పట్టును. బేరియము, సీసము, సోడియము కూడ పట్టును. సొరంగములో ముఖ్యముగా బేరియమున్నచో హోలండైటు అనియు, పొటాసియమున్నచో క్రిప్టోమిలేను అనియు, సీసమున్నచో కొరొనడైటు అనియు పేర్లు. క్రిప్టోమిలేను అనగా గ్రీకు భాషలో దాగిన నలుపు అని అర్థము.

హోలండైటు పేరునకు భారతదేశముతో సంబంధము కలదు. మధ్య భారతములోని ఝాబువా ప్రాంతమందు కాజ్లీ డోంగ్రీ గనిలో దొరికిన ఈ ఖనిజమునకు 1906లో ఫెర్మర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు, భారత భూగర్భ పరిశోధనశాఖ ఆనాటి డైరెక్టరైన సర్ థామస్ హోలండ్ పేరు పెట్టెను. దాని నిర్మాణము మాత్రము 1950లో బైస్ట్రోం దంపతుల పరిశోధనతో తేటపడినది.

అతిథి వచ్చినపుడు ఇంటి లెక్క మారును. ఎనిమిది మాంగనీసులు, పదునారు ఆమ్లజనులు గల హోలండైటు భాగమును తీసికొందము. మాంగనీసులన్నియు నాలుగేసి ధనావేశములు కలవైనచో మొత్తము 32. ఆమ్లజనుల ఋణావేశము కూడ 32. లెక్క సమముగానే ఉన్నది, క్రొత్తవారికి చోటులేదు. రెండు ధనావేశములు గల బేరియము లోపలికి వచ్చినచో రెండు ధనావేశములు ఎచటనైనను తగ్గవలెను. కావున రెండు మాంగనీసులు నాలుగింటికి బదులు మూడేసి ఆవేశములతో నిలుచును. అప్పుడు బేరియము 2, ఆరు మాంగనీసులు 24, రెండు మాంగనీసులు 6. మొత్తము మరల 32. పొటాసియమునకు ఒకే ఆవేశము గనుక ఒక్క మాంగనీసు మారిన చాలును. ప్రకృతిలో ఇనుము, అల్యూమినియము కూడ మాంగనీసు స్థానములలో చేరి ఈ లెక్కను సరిచేయుచుండును. ఖనిజ విశ్లేషణలో కొద్దిపాటి బేరియము, పొటాసియము కనబడినపుడు అవి మలినములు అని వెంటనే త్రోసివేయరాదు. అవి ఇంటిని నిలబెట్టు స్తంభములు కావచ్చును.

ఇంకను వెడల్పైన సొరంగములు కలవు. రోమనెషైటులో 2 × 3 సొరంగములు. వానిలో బేరియముతో పాటు నీరు కూడ ఉండును. 1953లో వాడ్స్‌లీ దీని నిర్మాణమును నిర్ణయించినపుడు దీనిని సైలోమిలేను అనెడివారు. నేడు సైలోమిలేను అను పేరు ఏ ఒక్క ఖనిజమునకును చెందదు. గట్టిగా, నున్నగా నుండు నల్ల మాంగనీసు రాళ్లకు అది గనులలో సామాన్య నామముగా నిలిచినది.

జపానులోని తొడొరొకి గనిలో దొరికి, 1934లో వర్ణింపబడిన తొడొరొకైటు చరిత్ర మరింత విచిత్రమైనది. దాని రేణువులు మిక్కిలి సన్ననివి. ఎక్స్-కిరణ పటములు స్పష్టముగా రాలేదు. అది ప్రత్యేక ఖనిజమే కాదనియు, వేరు ఖనిజముల మిశ్రమమనియు కొందరు వాదించిరి. వివాదము చాలకాలము సాగినది. 1981లో టర్నరు, బుసెక్ అనువారు శక్తివంతమైన ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచి 3 × 3 సొరంగములను ఛాయాచిత్రములలో చూపిరి. సొరంగపు వెడల్పు సుమారు 7 ఆంగ్‌స్ట్రాములు. కంటికి కనబడిన తరువాత వాదమునకు బలము తగ్గినది.

పొరలు పొరలుగా

అష్టముఖులు గొలుసులుగా కాక అన్ని ప్రక్కల అంచులచేత అతికి పలకలుగా పరచుకొనుట కూడ కలదు. పలకకును పలకకును నడుమ నీరు, సోడియము, కాల్షియము, పొటాసియము మున్నగునవి నిలుచును. బిర్నెసైటు ఇట్టిది. స్కాట్లండులోని బిర్నెస్ అనుచోట దొరికిన దీనిని 1956లో వర్ణించిరి. దీనిలో ఒక పలకనుండి మరియొక పలకకు దూరము సుమారు 7 ఆంగ్‌స్ట్రాములు. నడుమ నీటిపొర ఒకటికి బదులు రెండున్నచో దూరము 10 ఆంగ్‌స్ట్రాములగును. దానిని బుసెరైటు అందురు. ఎండినచో ఒక నీటిపొర పోయి మరల 7 ఆంగ్‌స్ట్రాములకు కుదించుకొనును. తడిగా తెచ్చిన నమూనా ఎండిన తరువాత వేరొక ఖనిజముగా కనబడుటకు కారణమిదే.

చాల్కోఫనైటు అను మరియొక ఖనిజములో పలకయందు ప్రతి ఏడు స్థానములలో ఒకటి ఖాళీగా ఉండును. అనగా ఆరు మాంగనీసులకు పదునాలుగు ఆమ్లజనులు. ధనావేశము 24, ఋణావేశము 28. లోటు నాలుగు. ఈ లోటును పూరించుటకు ఖాళీకి పైన ఒకటి, క్రింద ఒకటి రెండు తుత్తునాగపు అయానులు వచ్చి కూర్చుండును. లేమియే లోహమును ఆకర్షించినదన్నమాట. బిర్నెసైటు వంటి ఖనిజములు నీటిలోని సీసము మొదలగు విషలోహములను పట్టి ఉంచుటకు ఇట్టి ఖాళీలు ముఖ్య కారణము. నీటిలోని మూడు ఆవేశముల ఆర్సెనికును అవి అయిదు ఆవేశముల రూపమునకు ఆక్సీకరించును. ఈ రెండవ రూపమును నీటినుండి వేరుచేయుట సులభము. బావినీటి ఆరోగ్యమునకు ఈ నల్లమట్టితో ఇంత సంబంధము కలదు.

వంకర తిరిగిన అష్టముఖి

మూడు ధనావేశములు గల మాంగనీసునకు ఒక ప్రత్యేకత కలదు. దాని బయటి కక్ష్యలో నాలుగు ఎలెక్ట్రానులు మిగులును. వానిలో నాలుగవది ఒక దిక్కునకు మ్రొగ్గి, ఆ దిక్కున ఎదురెదురుగా నున్న రెండు ఆమ్లజనులను దూరముగా నెట్టును. నాలుగు బంధములు సుమారు 1.9 ఆంగ్‌స్ట్రాములుగను, రెండు బంధములు 2.2 కు పైగను ఉండును. ఇట్టి వికృతిని 1937లో యాన్, టెల్లర్ అను శాస్త్రజ్ఞులు సిద్ధాంతరీత్యా ఊహించిరి.

హౌస్మనైటు దీనికి చక్కని నిదర్శనము. సూదంటురాయి అగు మాగ్నటైటులో మూడు ఇనుములకు నాలుగు ఆమ్లజనులున్నట్లే, దీనిలో మూడు మాంగనీసులకు నాలుగు ఆమ్లజనులున్నవి. ఐనను మాగ్నటైటు ఘనాకృతి కలది. హౌస్మనైటు ఒక దిక్కున సాగినది. సుమారు 1170 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మాత్రమే అదియును ఘనాకృతిని పొందును. ఒక్క ఎలెక్ట్రాను మ్రొగ్గుట రాతి ఆకృతినే మార్చగలదు!

పాఠ్యగ్రంథముల పొరపాటు

సున్నపురాతి పగుళ్లలో నల్లని చెట్టుకొమ్మలవలె ప్రాకిన గుర్తులను చూచి శిలాజములని భ్రమపడువారు కలరు. అవి శిలాజములు కావు. నీటితో వచ్చిన మాంగనీసు ఆక్సైడులు. చాల గ్రంథములలో ఇవి పైరోలూసైటు అని వ్రాయబడినది. 1979లో పాటర్, రాస్‌మన్ అను వారు పరారుణ కిరణములతో పరీక్షించినపుడు ఈ చెట్టుగుర్తులలో రోమనెషైటు, హోలండైటు తెగవి మున్నగు ఖనిజములు కనబడినవి గాని పైరోలూసైటు కనబడలేదు. నల్లగా ఉన్నదంతయు పైరోలూసైటు అనుకొనుట ఎంత సులభమో, ఎంత తప్పో దీనివలన తెలియును. ఒకే నల్లరాతిలో మూడు నాలుగు ఖనిజములు వెండ్రుకకంటె సన్నని పొరలుగా పెనవేసికొని ఉండుట సామాన్యము. అందుచేత రంగును, గీతను, కఠినత్వమును చూచి ఊహింపవచ్చును గాని ఎక్స్-కిరణముల సాక్ష్యము లేక నిర్ణయింపరాదు.

కోడూరు గనులనుండి సముద్రపు అడుగువరకు

భారతదేశములో మాంగనీసు గనుల త్రవ్వకము 1892లో ప్రారంభమైనది. అది ప్రారంభమైనచోటు నేటి విజయనగరము జిల్లాలోని కోడూరు. ఆ ఊరి పేరనే ఫెర్మర్ అచ్చటి ఒక వింత శిలకు కోడురైటు అని పేరిడెను. మాంగనీసు గల గార్నెట్టు, పొటాసియము గల ఫెల్డ్‌స్పారు, భాస్వరము గల ఎపటైటు దీనిలో ముఖ్యమైనవి. కోట్ల సంవత్సరములు వానలకు, ఎండలకు ఇట్టి శిలలు శిథిలమైనపుడు మాంగనీసు నీటిలో కరిగి, గాలి తగిలినచోట మరల ఆక్సైడుగా పేరుకొనును. శిథిలమైన ఫెల్డ్‌స్పారునుండి వెలువడిన పొటాసియమునకు సొరంగములలో చోటు దొరకును. ఈ ప్రాంతపు ఖనిజములలో క్రిప్టోమిలేను ఉండుటలో ఆశ్చర్యము లేదు.

ఈ ఖనిజమునకు ఒక చిక్కు కలదు. దీనిలో భాస్వరము ఎక్కువ. భాస్వరము చేరిన ఉక్కు పెళుసుబారును. కావున ఆ భాస్వరము ఎచట దాగియున్నది అనునది గనివారికి జీవన్మరణ సమస్య. అది ఎపటైటు రేణువులుగా ఉన్నచో ఖనిజమును దంచి, రేణువులను వేరుచేయవచ్చును. ఆక్సైడుల సూక్ష్మరంధ్రములను, పై ముఖములను అంటిపెట్టుకొని ఉన్నచో ఎంత దంచినను రాదు. నూటికి ఇంత భాస్వరము అని చెప్పు రసాయన విశ్లేషణ ఈ రెంటికి భేదమును చూపదు. స్ఫటిక రసాయనము చూపును.

సొరంగములో చిక్కిన పొటాసియము గడియారముగా కూడ పనిచేయును. దానిలో కొద్దిభాగము రేడియోధార్మికమై మెల్లమెల్లగా ఆర్గాను వాయువుగా మారును. ఆ ఆర్గానును కొలిచి క్రిప్టోమిలేను ఏ కాలమున ఏర్పడినదో చెప్పవచ్చును. కర్ణాటకములోని సండూరు ప్రాంతపు ఖనిజములకు ఈ విధముగా కోట్ల సంవత్సరముల వయస్సు నిర్ణయించిరి.

సముద్రగర్భమున ఇంకొక నిధి కలదు. 1872 నుండి 1876 వరకు సాగిన ఛాలెంజర్ నౌకాయాత్రలో సముద్రపు అడుగునుండి బంగాళాదుంపలవంటి నల్లని ముద్దలు పైకి వచ్చినవి. వానిలో తొడొరొకైటు, బిర్నెసైటు మొదలగు ఖనిజములు కలవు. పది లక్షల సంవత్సరములకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఇవి పెరుగును. పెరుగుచు పెరుగుచు సముద్రజలమునుండియు, అడుగు బురదనుండియు నికెలు, రాగి, కోబాల్టులను తమ సొరంగములలోనికి, పొరలలోనికి చేర్చుకొనును. 1981లో గవేషణి నౌకపై భారత శాస్త్రజ్ఞులు ఇట్టి ముద్దలను తొలిసారి పైకి తీసిరి. 1987లో మధ్య హిందూ మహాసముద్రములో అన్వేషణకై భారతదేశమునకు ప్రత్యేక క్షేత్రము కేటాయింపబడినది. ఆ ముద్దలనుండి నికెలును రాబట్టవలెనన్నచో నికెలు రేణువులను ఏరుట సాధ్యము కాదు, ఏలననగా నికెలు రేణువులు అందులో లేవు. ఇంటినే కూల్చి అతిథిని బయటికి తేవలెను.

తరగతి గదిలో

ఈ విషయమును బోధించుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. దళసరి కాగితముతో ఎనిమిది సమబాహు త్రిభుజములు గల అష్టముఖులను ఇరువది ముప్పది చేయించవలెను. వానిని అంచులచేత అతికించి ఒంటి గొలుసులు కొన్ని, జంట గొలుసులు కొన్ని కట్టవలెను. నాలుగు ఒంటి గొలుసులను మొనలచేత కలిపినచో 1 × 1 సొరంగము, నాలుగు జంట గొలుసులను కలిపినచో 2 × 2 సొరంగము విద్యార్థుల కన్నులయెదుట నిలుచును. పెద్ద సొరంగములో పట్టు గోలీ చిన్న సొరంగములో పట్టదని వారే చూచి తెలిసికొందురు. పిమ్మట ప్రతి మొనను ఎన్ని అష్టముఖులు పంచుకొన్నవో లెక్కించుమని అడుగవలెను. మాదిరికి నడుమనున్న మొనలలో మూడు అను సమాధానము వచ్చిననాడు, తరగతి పుస్తకములోని ఆ చిన్న సూత్రము ఎచటినుండి పుట్టినదో వారికి తెలిసినట్లే.

అప్పుడు ప్రయోగశాల బీరువాలోని నల్లపొడి సీసా వంక విద్యార్థి మరల చూచును. ఇందులో ఏమున్నది అని మాత్రమే అడిగినవాడు, ఇక మీదట ఎట్లు అమరియున్నది అని కూడ అడుగును.